పిక్ వదులుగా పట్టండి, మాండలిన్ మీ మాట వింటుంది

మీ మాండలిన్‌కి ఏ లోపమూ లేదు. తీగలు కొత్తవే. శ్రుతి సరిగ్గానే ఉంది. అయినా పాట మొదలుపెట్టగానే గరగరమంటోందా? కాస్త స్పీడు పెంచితే చేయి బిగుసుకుపోతోందా? రెండో చరణం వచ్చేసరికి ముంజేయి లాగేస్తోందా?

అయితే వాయిస్తూ వాయిస్తూ ఒక్క క్షణం ఆగి మీ కుడి చేతిని చూసుకోండి. బొటనవేలి గోరు తెల్లబడి ఉందా? దొరికింది అసలు కారణం. మీరు పిక్‌ని పట్టుకోవడం లేదు, నొక్కేస్తున్నారు.

మాండలిన్ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ధ్యాసంతా ఎడమ చేతి మీదే ఉంటుంది. ఏ ఫ్రెట్ మీద ఏ వేలు, గాంధారం ఎక్కడ, గమకం ఎలా అని రోజంతా అదే గోల. కుడి చేతికి మాత్రం ఒక ప్లాస్టిక్ ముక్క ఇచ్చి ‘కానివ్వు’ అంటాం. కానీ శబ్దం పుట్టేది అక్కడే. ఎడమ చేయి స్వరం ఏదో చెబుతుంది. ఆ స్వరం తీయగా పలకాలా, కరుకుగా పలకాలా, నిలబడాలా, ఠక్కున తెగిపోవాలా అన్నది పిక్ చెబుతుంది.

ఇందులో మీకు మంచి వార్త ఉంది. పిక్ పట్టడం టాలెంట్ కాదు, అలవాటు. అలవాటు ఎవరిదైనా మారుతుంది. పదేళ్ల పిల్లలకైనా, రిటైరయ్యాక సరదాగా మొదలుపెట్టినవాళ్లకైనా ఇదే సూత్రం. మీరు మారగలరు. ఈ వారంలోనే తేడా వినగలరు.

ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి

మాండలిన్ పక్కన పెట్టండి. కుడి పిడికిలి గట్టిగా బిగించండి. ఇప్పుడు మణికట్టును గబగబా అటూ ఇటూ ఊపండి. ఊగుతోందా? మొరాయిస్తోంది కదూ! ఇప్పుడు పిడికిలి వదులు చేసి మళ్లీ ఊపండి. హాయిగా ఊగుతుంది.

కారణం సింపుల్. వేళ్లను బిగించే కండరాల్లో చాలా భాగం ముంజేతిలో ఉంటాయి. వాటి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్లలోకి వెళ్తాయి. మీరు వేళ్లు బిగిస్తే మణికట్టూ బిగుస్తుంది. మాండలిన్ వాయించేదే మణికట్టుతో. అంటే పిక్‌ని గట్టిగా నొక్కిన ప్రతిసారీ మీ ఇంజిన్‌కి మీరే బ్రేకు వేస్తున్నారు.

ఇక ‘నాకు స్పీడు రాదండీ’ అనే మాట మానేయండి. స్పీడు మీ చేతిలోనే ఉంది. బ్రేకు తీయండి చాలు.

మాండలిన్‌కి ఈ పట్టింపు ఎందుకు?

గిటార్ వాయించి వచ్చినవాళ్లు ఇది చదవాలి. గిటార్‌లో మోగే తీగ పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు. మాండలిన్‌లో సుమారు 35. పొట్టి తీగ. మీటగానే శబ్దం మెరిసి, వెంటనే తగ్గిపోతుంది. స్వరాన్ని నిలబెట్టాలంటే మళ్లీ మళ్లీ మీటాలి. ట్రెమొలో పుట్టింది అందుకే. నిమిషానికి వందల మీటులు పడే వాద్యంలో ఒక్కో మీటులో వృథా అయ్యే బలం చిన్నదే కావచ్చు, పాట ముగిసేసరికి అదంతా నొప్పిగా మిగులుతుంది.

ఇంకో సంగతి. మామూలు మాండలిన్‌కి 8 తీగలు, జంటలు జంటలుగా నాలుగు వరుసలు. శ్రుతి వయొలిన్‌దే: జి, డి, ఎ, ఇ. మీ పిక్ ప్రతిసారీ రెండు తీగల్ని దాటాలి. రెండూ ఒకే క్షణంలో, ఒకే బలంతో మోగినట్టు వినిపించాలి. బిగబట్టిన పిక్ మొదటి తీగకు తగిలి ఆగుతుంది, రెండోదాన్ని గీకుతుంది. మీకు వినిపిస్తున్న గరగర అదే.

పట్టు: ఇలా చేయండి

తొందర వద్దు. ఒక్కో స్టెప్ పూర్తయ్యాకే తర్వాతిది.

1. కుడి చేయి పక్కకు వేలాడేయండి. భుజం దించండి. వేళ్లు వాటంతట అవే కొద్దిగా ముడుచుకుంటాయి. ఆ ఆకారం గుర్తుపెట్టుకోండి. మీ చేతికి సహజమైన ఆకారం అదే.

2. అదే ఆకారంతో చేతిని పొట్ట ముందుకు తెండి. చూపుడువేలు ఇంకొంచెం ముడవండి.

3. పిక్‌ని చూపుడువేలి కొస మీద పెట్టకండి. పక్క భాగం మీద పెట్టండి. గోటికి దగ్గరగా ఉన్న మొదటి కణుపు పక్కన.

4. దాని మీద బొటనవేలి మెత్తని భాగాన్ని వాల్చండి. నొక్కొద్దు, వాల్చండి. తలుపు తీయడానికి తాళం చెవి ఎలా పట్టుకుంటారో అచ్చం అలా.

5. పిక్ మొన బొటనవేలికి అడ్డంగా, లంబకోణంలో బయటికి రావాలి. బొటనవేలు చూపే దిక్కు ఒకటి, మొన చూపే దిక్కు ఇంకొకటి.

6. బయటికి కనిపించే మొన 3 నుంచి 5 మిల్లీమీటర్లు చాలు. అంతకంటే ఎక్కువ వదిలితే పిక్ తీగల్లో చిక్కుకుంటుంది.

మూడో స్టెప్ దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. పెన్ను పట్టిన అలవాటుతో రెండు వేళ్ల కొసల మధ్య పిక్‌ని పట్టుకుంటారు. కొసల మధ్య పట్టుకున్న పిక్‌కి ఆధారం ఉండదు. ఆధారం లేనిదాన్ని ఆపడానికి బలం కావాలి. బలం పెడితే మళ్లీ బిగువు. వేలి పక్క భాగం మీద పెడితే పిక్‌కి ఒక పీట దొరుకుతుంది. అప్పుడు బొటనవేలి బరువే సరిపోతుంది.

బొటనవేలు కాస్త వంగి ఉండాలా, నిటారుగా ఉండాలా అని చాలామంది అడుగుతారు. రెండూ సరే. మీ కీలు ఎలా ఉంటే అలా. వెనక్కి విరుచుకుపోయేంత ఒత్తిడి మాత్రం వద్దు.

‘పడిపోతుందేమో’ అనే భయం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీకు పిక్ ఎలా పట్టాలో తెలియక గట్టిగా పట్టుకోవడం లేదు. పడిపోతుందన్న భయంతో పట్టుకుంటున్నారు. నలుగురిలో వాయిస్తుంటే పిక్ ఎగిరి మాండలిన్ రంధ్రంలో పడుతుందేమో, అందరూ చూస్తారేమో అని. ఈ భయం తీయకపోతే ఎన్ని స్టెప్పులు చెప్పినా వృథా.

భయాన్ని ఎలా తీస్తాం? పిక్‌ని కావాలనే పడేసి.

పరుపు మీదో చాప మీదో కూర్చోండి. మీ పట్టుకు మార్కులు వేసుకోండి. పూర్తి బలంతో నొక్కితే 10. చేతిలోంచి జారిపోతే 0. ఒకే తీగ మీద నెమ్మదిగా కిందికీ పైకీ మీటుతూ 10 నుంచి మొదలుపెట్టండి. 9, 8, 7... మీటు ఆపకుండా కొద్దికొద్దిగా వదులు చేయండి. పిక్ కదలడం మొదలవుతుంది. ఇంకా వదలండి. తిరుగుతుంది. ఇంకా వదలండి. పడుతుంది.

పడింది. ఏమైంది? ఏమీ కాలేదు. తీసుకోండి, మళ్లీ చేయండి.

కొన్నిసార్లు చేశాక ఒక విషయం తెలిసిపోతుంది. పిక్ పడిపోయే చోటు మీరు ఊహించినదానికంటే చాలా కింద ఉంది. మీరు రోజూ 8 దగ్గర వాయిస్తున్నారు. 3 దగ్గర కూడా పిక్ చేతిలోనే ఉంటుంది. ఆ 3 దగ్గర టోన్ వినండి. గుండ్రంగా, నిండుగా ఉంటుంది. అదే మాండలిన్, అదే తీగ, అదే పిక్. మారింది మీ పట్టు ఒక్కటే.

వాయించేటప్పుడు పిక్ కొంచెం కొంచెం తిరగడం మామూలే. ఏళ్లుగా వాయిస్తున్నవాళ్లకీ తిరుగుతుంది. వాళ్లు పాట మధ్యలో విరామం దొరికినప్పుడు బొటనవేలితో చిన్నగా సర్దుకుంటారు. ఆ సర్దుకోవడం కూడా ప్రాక్టీస్ చేయండి. కావాలని కొద్దిగా తిప్పండి, వాయిస్తూనే సరిచేయండి.

ఇంతకీ వదులుగా పడితే బలం ఎక్కడినుంచి వస్తుంది? మణికట్టు వేగం నుంచి. అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడిగా చెప్పుకునే బిల్ మన్రో (1911–1996) వాయించింది మాండలినే. బ్యాండులో డ్రమ్స్ లేకుండానే, ఆఫ్ బీట్ మీద పడే మాండలిన్ దెబ్బ తాళాన్ని మోస్తుంది. దాన్ని ‘చాప్’ అంటారు. విసురుగా పడుతుంది, మరుక్షణం తెగిపోతుంది. బిగిసిన మణికట్టుతో అది రానే రాదు. ప్రయత్నించి చూడండి.

పాలకొల్లు కుర్రాడి నుంచి నేర్చుకోండి

మాండలిన్ పేరు చెప్పగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ల వయసులో నాన్న సత్యనారాయణ గారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండలిన్ వాద్యకారులు కాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని అదే తీగ మీద పలికించేవాడు.

ఆగి ఆలోచించండి. కర్ణాటక సంగీతానికి మాండలిన్ మీద అప్పటికి నడిచిన బాట లేదు. ఇలా పట్టు, ఇలా మీటు అని వేలు పెట్టి దిద్దే వాద్యగురువు లేరు. చెవి ఒక్కటే దారి చూపించింది. గురువు గొంతులో వినిపించింది తన తీగలో వినిపించేదాకా చేతిని మార్చుకుంటూ పోవడమే పద్ధతి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు.

గమకాలు పలకడానికి ఆయన వాద్యాన్నే మార్చుకున్నారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు, ఐదో తీగ చేర్చారు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూసేనాటికి ప్రపంచమంతా ఆ మాండలిన్ విన్నది.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆయన కచేరీ వీడియో ఒకటి పెట్టుకుని, సౌండ్ ఆపేసి కుడి చేతినే చూడండి. అంత వేగంలో ఆ చేయి ఎంత తక్కువ కదులుతుందో, ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో గమనించండి. తర్వాత సౌండ్ పెట్టి మళ్లీ చూడండి. అది మీ రిఫరెన్స్.

ఎలక్ట్రిక్ వాయించేవాళ్లకు ఒక హెచ్చరిక. యాంప్లిఫయర్ మీ స్వరంతో పాటు పిక్ టకటకనూ పెద్దది చేస్తుంది. అక్కడ వదులు పట్టు ఇంకా ముఖ్యం.

ఏ పిక్ కొనాలి?

దీని మీద గంటలు గంటలు వాదించేవాళ్లున్నారు. మీరు వాదించకండి. మరీ పలచని పిక్, అంటే అర మిల్లీమీటరు రకం, పక్కన పెట్టేయండి. అది జంట తీగలకు తగలగానే వంగిపోతుంది, మీరు కోరిన క్షణంలో శబ్దం రాదు. 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. ఈ తరం మాండలిన్ దిగ్గజం క్రిస్ థీలీ పేరుతో వచ్చే పిక్ మందం సుమారు 1.4 మిల్లీమీటర్లు. గుండ్రని మొన అయితే టోన్ మెత్తగా, సూది మొన అయితే పదునుగా వస్తుంది. మొదట గుండ్రనిదే మంచిది.

ఒకప్పుడు తాబేలు చిప్పతో చేసిన పిక్‌లకు పెద్ద పేరు. ఆ తాబేలు అంతరించే దశకు చేరడంతో 1970ల నుంచి అంతర్జాతీయ వ్యాపారం ఆపేశారు. ఎవరైనా అమ్మజూపినా కొనకండి. నైలాన్, సెల్యులాయిడ్ వగైరా అన్నీ దొరుకుతున్నాయి. మన సరోద్ వాద్యకారులు కొబ్బరి చిప్పతో చేసిన ‘జవ’ అనే పిక్‌తో అద్భుతాలు చేశారు. ఖరీదు టోన్ ఇవ్వదు.

చెమట చేతులా? పిక్ మధ్యలో, వేళ్లు ఆనేచోట గరుకు కాగితంతో కాస్త రుద్దండి. జారదు.

మిగతా చేయి ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు. మిగతా మూడు వేళ్లూ వాటంతట అవి ముడుచుకుని ఉండాలి. కొందరు గొప్ప వాద్యకారులు చిటికెన వేలు మాండలిన్ పైపలకకు ఆనించి వాయిస్తారు, నిజమే. ఆనించడం వేరు, నాటేయడం వేరు. తాకుతూ జారనివ్వండి, అంతే.

అరచేతి మడమను బ్రిడ్జి మీద బరువుగా వేయకండి. శబ్దం చచ్చిపోతుంది. ముంజేయి మాండలిన్ అంచుకు తేలిగ్గా తగిలితే చాలు. కూర్చుని వాయించినా స్ట్రాప్ వేసుకోండి. వాద్యం జారిపోకుండా పట్టుకునే పని కుడి చేతికి అప్పగిస్తే, అది మీటే పని ఎప్పుడు చేస్తుంది?

పిక్‌ని తీగకు పూర్తి సమాంతరంగా పెట్టి మీటితే శబ్దం స్పష్టంగా ఉంటుంది కానీ తీగ ఎదురు తిరుగుతుంది. ఒక అంచు కొద్దిగా ముందుకు వాలిస్తే తేలిగ్గా జారుతుంది. మరీ వాలిస్తే గీకుడు. మధ్యలో మీ చెవికి నచ్చే చోటు ఒకటి ఉంటుంది, వెతకండి. అలాగే బ్రిడ్జి దగ్గర మీటితే శబ్దం పదునెక్కుతుంది, ఫ్రెట్‌బోర్డు చివరికి వస్తే మెత్తబడుతుంది. ఈ రెండు చోట్ల మధ్యే మీ నివాసం.

కిందికి, పైకి: జంట స్వరాలే మీ జిమ్

కొత్త ఎక్సర్‌సైజుల కోసం వెతకొద్దు. మన సంప్రదాయం పిక్ కోసమే రాసిపెట్టిందా అన్నంత బాగా కుదిరిన పాఠం ఒకటుంది: జంట వరుసలు. స స, రి రి, గ గ, మ మ. మొదటి స కిందికి, రెండో స పైకి. ప్రతి స్వరానికీ ఒక డౌన్, ఒక అప్.

ఇందులో మీ బలహీనత వెంటనే బయటపడుతుంది. పైకి వెళ్లే మీటు పేలవంగా ఉంటుంది. అందరిదీ అంతే. ఫోన్‌లో రికార్డ్ చేయండి. కళ్లు మూసుకుని వినండి. రెండు స ల్లో ఏది కిందిదో, ఏది పైదో మీకే తెలియకూడదు. తెలియనంత సమానంగా వచ్చేవరకు స్పీడు పెంచొద్దు.

రోజూ ఇలా చేయండి:

- 2 నిమిషాలు: మాండలిన్ మోగించకుండా పిక్ పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం.
- 3 నిమిషాలు: 10 నుంచి 0 దాకా వదిలే ఆట, ఒకే తీగ మీద.
- 10 నిమిషాలు: మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలు. మెట్రోనోమ్ 60. మొదటి కాలం దెబ్బకు ఒక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు.
- చివరి 5 నిమిషాలు: మీకిష్టమైన పాట. ధ్యాస మాత్రం బొటనవేలి మీదే.

60 దగ్గర మూడో కాలం అంటే నిమిషానికి 240 స్వరాలు. అది మంచి వేగమే. అక్కడ మీ పట్టు 3 దగ్గర ఉందా, 8కి ఎక్కిందా చూసుకోండి. ఎక్కితే రెండో కాలానికి దిగిపోండి. దిగడం ఓటమి కాదు, ట్రెయినింగ్. దాటు వరుసలు తర్వాత చూసుకుందాం. అక్కడ పిక్ తీగ నుంచి తీగకు దూకాలి, పట్టు కుదిరాక అది దానంతటదే తేలికవుతుంది.

ట్రెమొలో కూడా ఇదే దారిలో వస్తుంది. ముందు నాలుగు మీటులు సమానంగా. తర్వాత ఆరు. తర్వాత ఎనిమిది. వేగం కోసం మోచేయి బిగించి వణికించడం మొదలుపెట్టారంటే ఆపేయండి. అది ట్రెమొలో కాదు, వణుకు.

ఎన్ని రోజుల్లో అలవాటవుతుంది? 21 రోజుల లెక్కలు పెట్టుకోకండి. పాత అలవాటు అలసిపోయినప్పుడు, కంగారుపడినప్పుడు తిరిగొస్తుంది. వచ్చినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పాటలో ఎక్కడ గోరు తెల్లబడుతుందో చూడండి. ప్రతివాళ్లకీ ఒక చోటుంటుంది: కష్టమైన సంగతి ముందు, తీగ మారేచోట, అనుపల్లవి ఎత్తుకునేచోట. ఆ చోటు నొటేషన్‌లో పెన్సిల్‌తో సున్నా చుట్టండి. అక్కడికి వచ్చినప్పుడల్లా ఊపిరి వదలండి. ఊపిరితో పాటు వేళ్లూ వదులవుతాయి.

చేతిలో తిమ్మిరి, మంట, ఆగని నొప్పి ఉంటే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌ని కలవండి. ఓర్చుకోవడం ఇక్కడ గొప్ప గుణం కాదు.

మాండలిన్ నేర్పే గురువులకు, పిల్లల్ని క్లాసుకు పంపే అమ్మానాన్నలకు ఒక విన్నపం. మొదటి వారంలో ‘ఏ పాట నేర్చుకున్నావు’ అని అడగకండి. ‘పిక్ ఎలా పడుతున్నావో చూపించు’ అని అడగండి. పిల్లలు సంబరంగా చూపిస్తారు. ఆ చేతిని ఆ రోజే దిద్దండి. పిక్ కింద పడితే ఏమీ అనకండి.